జడ్జిగారి ప్రయాణం

మా ఆయన ఆ కబురు చెప్పిన తీరు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎండలు అప్పుడప్పుడే ముదురుతున్నాయి. బడి పిల్లలందర్నీ ఇళ్ళ దగ్గర దింపేసి, వ్యాను కడిగి, మూడంతస్తుల మెట్లెక్కి ఇంట్లోకి వచ్చేసరికి హాలు గోడకి ఆనించి మడత విప్పని అట్టపెట్టెల కట్ట ఉంది. ఆయన నేలమీద బాసింపట్టు వేసుక్కూర్చుని ఒక్కో అట్టమీదా లావు పెన్నుతో అంకె వేస్తున్నాడు.

"ఏంటివన్నీ?" అన్నాను.

"ముప్పై ఆరు. చాలకపోతే ఇంకో పన్నెండు తెస్తా."

"దేనికండీ?"

"చెప్పలేదూ నీకు? నాకు పెద్ద గోడౌన్ ఇచ్చారు. వచ్చే నెలాఖరుకి వెళ్ళి చేరాలి."

చెప్పలేదు. ఎక్కడికయ్యా మహానుభావా అంటే తొమ్మిది వందల కిలోమీటర్ల అవతలట. చలికాలంలోనే సంతకం పెట్టేశాడట. చలికాలం నుంచి ఆ ముప్పై ఆరు పెట్టెలు తెచ్చిన రోజు దాకా నా ఎదురుగా కూర్చుని రెండు పూటలా భోంచేశాడు. నోరు తెరిచి ఒక్క ముక్క చెప్పలేదు.

"మరి నా వ్యాను?"

"అక్కడ మాత్రం వ్యాన్లు లేవా ఏంటి?"

నేను పదకొండేళ్ళుగా బడి వ్యాను నడుపుతున్నాను. పద్దెనిమిది మంది పిల్లలు. ఎవరికి ఏ మలుపు దగ్గర కడుపులో తిప్పుతుందో, ఎవరు డబ్బాలో అన్నం కిటికీలోంచి పారేస్తారో, ఎవరి తల్లి గేటు దగ్గరికి ఆలస్యంగా వస్తుందో నాకు తెలుసు. మాకు పిల్లల్లేరు. ఊరివాళ్ళ పిల్లల్ని నా చేతిలో పెట్టి వాళ్ళ తల్లులు నిశ్చింతగా పనులకు పోతారు. మా ఆయన మాత్రం సొంత కారు స్టీరింగు నా చేతికి ఏనాడూ ఇవ్వలేదు. "ఇది మెత్తటి బండి, నీ మోటు చేతికి ఆగదు" అంటాడు. మా కారులో ముందు సీటు అత్తయ్యది, వెనక సీటు నాది.

అత్తయ్య చెడ్డమనిషి కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. నాకు జ్వరమొస్తే నా బట్టలు కూడా ఉతికింది. కానీ పద్దెనిమిదేళ్ళుగా మా ఇద్దరి మధ్య ఏ మాట వచ్చినా ఆవిడ తీర్పు ఒక్కటే: "వాడు చెప్పింది విను అమ్మాయ్." ఆ రోజు కూడా వంటింట్లోంచి అదే మాట వినపడింది.

పోట్లాడాను. వారం రోజులు పోట్లాడాను. ఆయన వాదించడు, అదే నాకు మరీ మంట. తలూపుతూ అట్టపెట్టెలకు టేపు వేసుకుంటూ పోతాడు. ఆయన పని చేసేది టైల్స్, సింకులు, స్నానాల తొట్లు నిలవచేసే గోడౌన్‌లో. అక్కడ ఒక పద్ధతుంది. పెట్టె మూసి, టేపు వేసి, దానిమీద సంతకం పెట్టాక మళ్ళీ తెరవకూడదు. లోపలేముందో చూడక్కర్లేదు, పెట్టెలు లెక్కకి సరిపోతే చాలు. ఇల్లు కూడా అలాగే సర్దాడు. నా దువ్వెన పన్నెండో నంబరు పెట్టెలో పడి సీలయిపోతే, దాన్ని తియ్యడానికి వీల్లేదన్నాడు. కొత్త దువ్వెన కొనుక్కున్నాను.

నా పద్ధతి వేరు. బండి ఆపాక నేను చివరి సీటు దాకా నడుస్తాను. ప్రతి సీటు కింద వంగి చూస్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక అయిదేళ్ళ పిల్ల సీటు కింద నిద్రపోతే చూడకుండా తాళం వెయ్యబోయాను. ఆ పిల్ల తుమ్మబట్టి సరిపోయింది. అప్పట్నుంచీ నేను తలలు లెక్కపెట్టడం మానేసి మొహాలు చూడటం మొదలుపెట్టాను. పిల్లలు నవ్వుతారు, "ఆంటీ మళ్ళీ వంగింది" అని. నవ్వితే నవ్వనీ.

ఇహ పిల్లుల సంగతి. మాకు మూడు. కందిరీగ, మొద్దు అక్కచెల్లెళ్ళు. ఒక చలి పొద్దున వ్యాను ఇంజను మూత ఎత్తితే వెచ్చగా పడుకుని దొరికాయి. మూడోది జడ్జి, అది అత్తయ్యది. పద్నాలుగేళ్ళది. ఒళ్ళంతా నలుపు, మెడ కింద తెల్లటి మచ్చ. ఇద్దరు మాట్లాడుకుంటుంటే మధ్యలో వచ్చి కూర్చుని చివరిదాకా వింటాడు, ఆ తర్వాత లేచి ఒళ్ళు విరుచుకుని వెళ్ళిపోతాడు. అందుకే ఆ పేరు. పళ్ళు సగం ఊడాయి, గుండె బలహీనం. రెండేళ్ళుగా పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి సగం మాత్ర పొడి చేసి చేపముక్కలో పెట్టి తినిపించాలి. అత్తయ్య గడియారం చూసుకుని మరీ పెట్టేది. "రెండు పూటలు తప్పితే ఎలాగో ఈడ్చుకొస్తుంది. మూడో పూట తప్పితే మాత్రం నన్నడగొద్దు" అని పిల్లుల డాక్టరు ముందే చెప్పేశాడు.

"మూడింటినీ ఎవరికైనా ఇచ్చేద్దాం," అన్నాడు మా ఆయన ఒక రాత్రి భోజనాల దగ్గర.

అత్తయ్య చెయ్యి కడిగేసుకుంది. "జడ్జిని వదిలేసి నేను గుమ్మం దాటను. నన్ను పన్నెండో నంబరు పెట్టెలో వేసి టేపు వేసుకో," అంది.

కొడుకు మాటకు ఆవిడ అడ్డం చెప్పడం నేను మొదటిసారి విన్నాను. ఆయన వెంటనే, "సరేనమ్మా, తీసుకెళ్దాం," అన్నాడు. అంత సులువుగా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు, నా బుర్రకి.

పిల్లులకు మూడు బుట్టలు కొన్నాం, ముందు జాలీ తలుపుండే ప్లాస్టిక్ బుట్టలు. అలవాటు కావాలని మూడు వారాలు హాల్లోనే తలుపులు తెరిచి పెట్టాం. కందిరీగ మొదటి రోజే దూరింది. మొద్దు తిండి పెడితేనే దూరేది. జడ్జి పన్నెండు రోజులు దూరంగా కూర్చుని బుట్టను విచారించాడు. పదమూడో రోజు లోపలికి వెళ్ళి, తనకే కేటాయించినట్టు కాళ్ళు మడుచుకుని పడుకున్నాడు. అత్తయ్య సంబరం చూడాలి!

కానీ బుట్ట వేరు, కారు వేరు. ఒక ఆదివారం చూద్దామని మూడింటినీ ఎక్కించి ఊరు చుట్టూ తిప్పితే, జడ్జి నలభై నిమిషాలు ఊపిరి తిప్పుకోకుండా అరిచాడు. అదేం మామూలు అరుపు కాదు, పక్క కార్లవాళ్ళు అద్దాలు దించి చూశారు. అంతటితో ఊరుకోక బుట్టలోంచి కారేట్టు పాడుచేశాడు. కొత్త సీటు కవర్లు. మా ఆయన చెవులు ఎర్రగా కందిపోయాయి.

"తొమ్మిది వందల కిలోమీటర్లు ఈ సంగీతం నా వల్ల కాదు," అన్నాడు.

నేనే డాక్టరు దగ్గరికి వెళ్ళి నెమ్మదిగా ఉండటానికి మాత్రలు తెచ్చాను. బుట్టల మీద గుడ్డ కప్పితే భయం తగ్గుతుందని కూడా చెప్పాడు. ఆ మాట ఇంటికొచ్చి మా ఆయనకు నా నోటితో నేనే చెప్పాను.

బయల్దేరింది ఆదివారం. పొద్దున ఆరింటికి అత్తయ్య జడ్జికి మందు పెట్టి, తన చేత్తో బుట్టలో పెట్టి, "నోరు మూసుకుని కూర్చో నాయనా, పరువు తియ్యకు," అని బతిమాలింది. ఏడింటికి లారీ వచ్చింది. పెట్టెలు దిగుతున్నాయి, మంచాలు దిగుతున్నాయి, మెట్ల మీద ఒకరి మీద ఒకరు కేకలు. ఆ గోలలో ఆయన మూడు బుట్టలూ కారులో పెట్టి, గుడ్డలు కప్పి, "గోడౌన్ తాళాలు నా స్థానంలో వచ్చిన కొత్తావిడకి ఇచ్చేసి వస్తా. పిల్లుల్ని మళ్ళీ దించడమెందుకు, కారులో చల్లగా ఉంటాయి," అని వెళ్ళాడు. ఇరవై నిమిషాల్లో తిరిగొచ్చాడు.

జడ్జి బుట్ట ముందు సీటు దగ్గర కాళ్ళు పెట్టుకునే చోట ఉంటే నేనే ఎత్తి వెనక్కి మార్చుకున్నాను. బరువు సరిగ్గానే ఉంది. జాలీ తలుపుకి ఆయన ప్లాస్టిక్ పట్టీ బిగించాడు. గుడ్డ ఎత్తి చూడబోయాను.

"తియ్యకు. అలవాటుపడ్డాడు, మళ్ళీ మొదలెడతాడు," అన్నాడు.

"వాడు చెప్పింది విను అమ్మాయ్," అంది అత్తయ్య.

విన్నాను. పదకొండేళ్ళలో ఒక్క పిల్ల మొహం చూడకుండా బండి తలుపు మూయని దాన్ని, ఆ పొద్దున గుడ్డ కప్పిన బుట్టను పక్కన పెట్టుకుని కారు తలుపు మూశాను. ఆయన మీద ఎంత కోపమో, ఈ ఒక్కదానికీ నా మీద నాకు అంత కోపం.

ఊరు దాటగానే కందిరీగ మొదలుపెట్టింది. అరగంటకి మొద్దు కక్కుకుంది. నేను వెనక కూర్చుని తుడవడం, ఊరుకోబెట్టడం, మళ్ళీ తుడవడం. తల ప్రాణం తోకకొచ్చింది. జడ్జి మాత్రం కిక్కురుమనలేదు.

"చూశావా మా జడ్జిని! పెద్దతనం అంటే అదీ," అని అత్తయ్య మాటిమాటికీ వెనక్కి తిరిగి మురిసిపోతోంది.

"మాత్ర బాగా పట్టింది," అన్నాడాయన. రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా అన్నాడు. కాసేపాగి ఈల కూడా వేశాడు.

రెండు వందల కిలోమీటర్లు దాటాయి. నా వ్యానులో అల్లరి చేసే పిల్లల గురించి నాకెప్పుడూ బెంగలేదు. రోజూ అరిచే పిల్ల ఒకరోజు అరవకుండా కూర్చుంటే మాత్రం నేను బండి పక్కకి తీసి ఆపుతాను. ఆ మాటే చెప్పాను. "ఒకసారి ఆపండి, చూస్తాను."

"బాగున్నవాణ్ణి కదపడమెందుకు?"

"నీళ్ళన్నా పెట్టాలి కదండీ."

"పెట్రోలు బంకు దగ్గర చూద్దాంలే."

ఇంకో అరవై కిలోమీటర్ల తర్వాత బంకు వచ్చింది. మధ్యాహ్నం పన్నెండు కావస్తోంది. ఆయన నీడలో కారు ఆపి, "మూడు టీలు తెస్తా," అని వెళ్ళాడు. బుట్ట సంగతి ఎత్తలేదు. నేను చేతిసంచీలోంచి కత్తెర తీసి పట్టీ కత్తిరించి, గుడ్డ తీసి, తలుపు తెరిచాను.

జడ్జి పడుకునే పచ్చ దుప్పటి ఉంది. చెయ్యి పెట్టాను. గట్టిగా, చల్లగా తగిలింది. చచ్చిపోయాడనుకున్నాను. దుప్పటి బయటికి లాగితే లోపలినుంచి ఉప్పు ప్యాకెట్లు దొర్లాయి. కిలో ప్యాకెట్లు, నాలుగు. జడ్జి నాలుగు కిలోలు ఉంటాడు. వారం కిందటే డాక్టరు తూచి చీటీ మీద రాశాడు. ఆ చీటీ ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉండేది.

నేను అరవలేదు. ఆ నాలుగు ప్యాకెట్లూ తీసుకెళ్ళి కారు ముందు భాగం మీద వరసగా పేర్చాను. ముందు సీట్లో కూర్చున్న అత్తయ్య అద్దంలోంచి ఒకసారి ప్యాకెట్లకేసి, ఒకసారి నాకేసి చూసింది. ఆవిడకి చెప్పక్కర్లేకపోయింది.

ఆయన మూడు కాగితం కప్పులు రెండు చేతుల్లో ఇరికించుకుని నడుచుకుంటూ వచ్చాడు. ప్యాకెట్లు చూసి ఆగిపోయాడు.

"అక్కడికెళ్ళాక చెప్దామనే అనుకున్నా," అన్నాడు.

"ఏడీ వాడు?" అన్నాను.

"గోడౌన్‌లో వదిలాను. రోడ్డు మీద వదల్లేదు కదా! నీడుంది, ఎలుకలున్నాయి, హాయిగా బతుకుతాడు. చెప్తే ఏడుస్తారని చెప్పలేదు గానీ, మీ మంచికే చేశాను. రెండ్రోజులు వాడి అరుపులు భరించగలరా మీరు? అయినా పద్నాలుగేళ్ళు, ఇంకెన్నాళ్ళులే..."

నా నోటినిండా మాటలున్నాయి. ఈలోగా అత్తయ్య కారు అద్దం దించింది. ఏడుస్తుందేమో, శాపనార్థాలు పెడుతుందేమో అనుకున్నాను. ఆవిడ మామూలుగా, కూర ఎందులో పెట్టావని అడిగినంత మామూలుగా అడిగింది.

"సాయంత్రం వాడికి మందెవరు వేస్తార్రా?"

"ఏం మందు?" అన్నాడు మా ఆయన.

రెండేళ్ళు. రోజుకు రెండు పూటలు. ఆయన కాఫీ తాగే బల్లమీదే ఆ మాత్ర పొడి చేసేది అత్తయ్య. ఏం మందు అన్నాడు.

అత్తయ్య చెయ్యి చాపి, ఇంజనుకున్న తాళంచెవి తీసి, కిటికీలోంచి నా చేతికిచ్చింది.

"నడుపు అమ్మాయ్," అంది.

"అమ్మా, పిచ్చా నీకు? రేపు సాయంత్రానికి నేనక్కడ ఉండాలి. ఎల్లుండి పొద్దున చేరాలి!"

"బస్సులున్నాయి," అన్నాను.

"నువ్వు పెద్ద రోడ్డు మీద నడపలేవు. ఇద్దరూ ఎక్కడో గుద్దుకుని ఛస్తారు. నేను చెప్తున్నా, నేను మాత్రం వెనక్కి రాను."

రానంటే మేం ఆగిపోతామనుకున్నాడు. డిక్కీ తెరిచి ఆయన సంచీ తీసి, నీడలో, ఆయన కాళ్ళ దగ్గర పెట్టాను. ఫోను, ఫోను చార్జరు, నీళ్ళ సీసా ఉన్నాయో లేదో కూడా చూశాను, అలవాటు. బండి వెనక్కి తీసి, తిప్పి, రోడ్డెక్కించాను. అద్దంలో ఆయన ఇంకా మూడు టీలూ పట్టుకునే నిలబడి ఉన్నాడు. మనిషిని వదిలేసి నేను బండి కదిపింది ఆ ఒక్కసారే, అందుకు నాకు ఈషణ్మాత్రం సిగ్గు లేదు.

పది నిమిషాల్లో ఫోను. "ఆటలు చాలు, వెనక్కి రండి," అన్నాడు. అత్తయ్య ఫోను ఆపేసి సంచీలో పడేసింది. కందిరీగ అరుపు ఆపింది.

"నువ్వు బాగానే నడుపుతావే," అంది అత్తయ్య, ఒక లారీని దాటాక.

"పదకొండేళ్ళ నుంచీ నడుపుతున్నాను అత్తయ్యా."

"నేనెప్పుడూ ఎక్కలేదుగా," అంది. ఆ గొంతులో ఏదో ఉంది, నాకు కోపంలో పట్టించుకోబుద్ధి కాలేదు. పద్దెనిమిదేళ్ళు వాడు చెప్పింది విను, వాడు చెప్పింది విను అని చెప్పింది ఈవిడే కదా అనిపించింది. ఆ మాట అనేశాను కూడా. ఆవిడ తలదించుకుని, "అవును," అంది. "నేనే చెప్పాను."

ఊళ్ళోకి వచ్చేసరికి అయిదు దాటింది. గోడౌన్‌కి తాళం. ఆదివారం. పొద్దున ఆయన నుంచి తాళాలు తీసుకున్న కొత్త స్టోర్‌కీపరమ్మ ఇల్లు పక్కవీధిలోనే అని కాపలాదారు చెప్పాడు. వెళ్ళి తలుపు కొట్టాం. చెవి మీద పెన్నుతోనే తలుపు తీసింది, ఆదివారం కూడా.

"పిల్లా?" అంది. "నాకిచ్చిన జాబితాలో పిల్లి లేదే."

"జాబితాలో లేదమ్మా, గోడౌన్‌లో ఉంది," అన్నాను.

"రేపు ఎనిమిదింటికి తెరుస్తాం, అప్పుడు రండి. అద్దాలు, సింకులు, పగిలే సరుకు. ఏదన్నా పగిలితే జవాబు చెప్పుకోవాల్సింది నేను."

నేను గొంతు పెంచబోయాను. అత్తయ్య నన్ను పక్కకి నెట్టి, సంచీలోంచి చిన్న డబ్బా తీసి మూత తెరిచి చూపించింది. ఒక గదిలో మాత్రలు, ఒక గదిలో చేపముక్కలు. "ఆరింటికి వెయ్యాలమ్మా. ఇంకా ఇరవై నిమిషాలుంది," అంది.

ఆవిడ డబ్బాలోకి చూసింది, గోడ గడియారం చూసింది, చెప్పులేసుకుంది. దారిపొడుగునా మా ఆయన్ని తిడుతూనే ఉంది. "లెక్క అప్పగించేటప్పుడు ప్రాణమున్నదాన్ని లోపల పెట్టి తాళం వేస్తారా ఎవరైనా? చదువుకున్నాడా అసలా మనిషి?" ఆ మాటలకి నాకు చెవుల్లో చల్లగా అనిపించింది.

లోపల వరసలు వరసలు. నేల నుంచి కప్పు దాకా అట్టపెట్టెలు. ముగ్గురం తలోవైపూ తిరిగాం. అత్తయ్య "జడ్జీ, జడ్జీ" అని పిలిచీ పిలిచీ గొంతు పోగొట్టుకుంది. ఎక్కడ వదిలాడో కనుక్కుందామని ఆయనకి ఫోను చేశాను. తియ్యలేదు. పదమూడు సార్లు చేశాను. ఒక్కసారి తీసి "ఫలానా వరసలో" అంటే చాలు. తియ్యలేదు. ఆ పదమూడు సార్లలో ఒక్కొక్కటీ నేనింకా మర్చిపోలేదు. బల్లులు కనపడ్డాయి, ఎలుకల పెంటికలు కనపడ్డాయి, జడ్జి కనపడలేదు. ఆరయింది. ఏడయింది. స్టోర్‌కీపరమ్మ ఒక పళ్ళెంలో నీళ్ళు పెట్టించి, తాళం వేసింది. మొదటి పూట తప్పింది.

రాత్రి ఖాళీ ఇంట్లో కారులోని దుప్పట్లు పరుచుకుని పడుకున్నాం. ఇంటి తాళం నెలాఖరుదాకా మా దగ్గరే ఉంది, అదొక్కటే కలిసొచ్చింది. సోమవారం ఎనిమిదింటికల్లా గోడౌన్ దగ్గరున్నాం. రెండో పూట అప్పటికే తప్పిపోయింది.

ఆ రోజంతా వెతికాం. కూలీలు సరుకు దించుతుంటే మేం వాళ్ళ కాళ్ళకి అడ్డం పడ్డాం. ఎవరో "ముసలి పిల్లి, ఏ మూలో పోయుంటుంది" అన్నారు. అన్నవాడి మొహం కూడా చూడలేదు నేను. నాలుగింటికి అత్తయ్య మెట్ల మీద కూలబడింది. డబ్బా ఒళ్ళో పెట్టుకుని మూత వేస్తూ తీస్తూ కూర్చుంది.

అప్పుడు నేను వెతకడం మానేసి వ్యాను చూసినట్టు చూడటం మొదలుపెట్టాను. మొదటి వరస దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద వంగి, కింద అరతో మొదలుపెట్టి పై అరదాకా. తర్వాత రెండో వరస. పిలవలేదు, తొందరపడలేదు. స్టోర్‌కీపరమ్మ ఏమీ అడక్కుండా నిచ్చెన తోసుకుంటూ నా వెనకే వచ్చింది. పదహారో వరస చివర, పై అరలో, మూత చిరిగిన అట్టపెట్టె ఒకటి ఉంది. నిచ్చెనెక్కి లోపలికి చూశాను. చేతులు కడుక్కునే తెల్లటి సింకు. అందులో సరిగ్గా ఒదిగిపోయి నల్లటి ఒళ్ళు. పొట్ట గబగబా కొట్టుకుంటోంది, నోరు తెరిచి రొప్పుతున్నాడు. నేను చెయ్యి పెడితే కళ్ళు తెరిచాడు. నన్ను గుర్తుపట్టి, మిగిలిన పళ్ళతో నా వేలు కరిచాడు. రక్తం వచ్చింది. ఆ రక్తం చూసి నేను నిచ్చెన మీద ఏడ్చాను.

ఆరుకి పది నిమిషాలుండగా అత్తయ్య మందు తినిపించింది. సగం కింద పడితే ఏరి మళ్ళీ పెట్టింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. గుండె మీద గొట్టం పెట్టి, చాలాసేపు విని, సూది వేసి, "గట్టిపిండం," అన్నాడు. "నెమ్మదిస్తాడు, ఇవాళ్టికి కదపకండి."

ఇంటికొచ్చి ఖాళీ హాల్లో కూర్చున్నామో లేదో ఫోను మోగింది. మా ఆయన. అత్తయ్య జడ్జిని ఒళ్ళో పెట్టుకుని ఉంది, అందుకని ఫోను నేల మీద పెట్టి, మాట బయటికి వినపడేట్టు చేశాను.

"అమ్మా, నేను చేరాను. లారీ కూడా వచ్చేసింది. నలభై ఎనిమిది పెట్టెలూ సరిపోయాయి. ఒక్క గీత పడలేదు, తెలుసా!"

"ఊఁ," అంది అత్తయ్య.

"ఇల్లు బాగుంది. నీకు కింద గదే. ఎండ రాదు."

"ఊఁ."

ఇంకా ఏదో చెప్తున్నాడు, నీళ్ళు రెండు పూటలా వస్తాయని, బజారు దగ్గరని. కొడుకు జడ్జి సంగతి అడుగుతాడేమోనని అత్తయ్య చూసింది. నేనూ చూశాను. కందిరీగ వచ్చి ఫోనుని వాసన చూసి వెళ్ళింది. ఆయన అడగలేదు.

"జడ్జి దొరకలేదురా," అంది అత్తయ్య.

నేను ఉలిక్కిపడి ఆవిడ మొహంలోకి చూశాను. ఒళ్ళోని జడ్జి వీపు నిమురుతూనే ఉంది, మొహంలో ఏ మార్పూ లేదు. అవతల చప్పుడు లేదు. ఆ కాస్తసేపూ, దేవుడా, ఆ మనిషి మీద ఎంత కోపమున్నా, ఒక్క మంచిమాట రావాలని నేను నిజంగా కోరుకున్నాను. బాధపడు, చాలు. నేనొచ్చి వెతుకుతానను. లేకపోతే ఊరికే ఏడు.

"సరేలే అమ్మా," అన్నాడు. "ముసలిది, ఎటూ పోయేదే. అయిందేదో అయింది. రేపు పెందలాడే బయల్దేరండి. తనకి చెప్పు, పెద్ద రోడ్డు మీద ఎడమవైపు కాస్త జాగ్రత్తగా పట్టుకోమను, ఆ బండి మెత్తన."

అత్తయ్య వంగి ఫోను ఆపేసింది.

"ఎందుకలా చెప్పారత్తయ్యా?"

"ఏమంటాడో విందామని," అంది. కళ్ళలో నీళ్ళు రాలేదు. తర్వాత జడ్జిని దుప్పటితో సహా నా ఒళ్ళోకి మార్చి, మోకాలి మీద చెయ్యి వేసి లేచింది. "ఇల్లుగలాయన ఈ వేళప్పుడు కిందే ఉంటాడు. పద, కొత్తవాళ్ళకి మాటివ్వకముందే అడుగుదాం."

జడ్జిని ఎత్తుకునే ఆవిడ వెనక మెట్లు దిగాను. ఇల్లుగలాయన గుమ్మంలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు. మమ్మల్ని చూసి కళ్ళజోడు తీశాడు.

"అదేంటమ్మా, మీరు ఊరు మారిపోయారు కదా!"

"మారింది మావాడండీ," అంది అత్తయ్య. "మేం ఇక్కడే ఉంటాం."